నత్తి చరిత్రము – మన యింటి తెలుగు

పసిబిడ్డకు వసకొమ్మను సానమీద అరగదీసి నాలుకకు రాయుట తెలుగువారి యిండ్లలో తరతరములుగా వచ్చిన ఆచారము. వస పోసినచో మాటలు త్వరగా వచ్చుననియు, నాలుక చక్కగా తిరుగుననియు పెద్దల నమ్మకము. నేటి శిశువైద్యులు దీనిని వలదనుచున్నారు. అయినను ఎడతెగక మాటలాడు బిడ్డను చూచి, చిన్ననాడు వస ఎక్కువ పోసిరి కాబోలునని నవ్వుకొనుట నేటికిని మన యిండ్లలో వినబడుచునే యున్నది. బిడ్డ నోట మాట పలుకుటకై యింతగా ఆరాటపడు మనము, ఆ మాట తడబడినప్పుడు మాత్రము ఓర్చుకొనలేము. నత్తివాడని యొక పేరు పెట్టుదుము. నాటకములోను, చలనచిత్రములోను నత్తి పాత్రను నవ్వించుటకే ప్రవేశపెట్టుదుము. ఆ నవ్వు వినుచు సభలో కూర్చున్న నత్తివాని సంగతి ఎవరికిని తోచదు.

నత్తి యననేమి? నంగిమాట వేరు, నత్తి వేరు. నంగిగా పలుకువాడు ఒక యక్షరమునకు బదులు మరియొక యక్షరమును పలుకును. నత్తి గలవానికి పలుకరాని యక్షర మేదియు లేదు. తాను చెప్పదలచినది అతనికి స్పష్టముగా తెలియును. పదము పెదవివరకు వచ్చి అచ్చట నిలిచిపోవును. తొలి యక్షరము మరల మరల వచ్చుటయో, ఒక్క ధ్వనియే సాగిపోవుటయో, గొంతు బిగిసి ధ్వనియే వెలువడకుండుటయో జరుగును. పెక్కుమందికి ఇది రెండేండ్లకును ఐదేండ్లకును నడుమ ఆరంభమగును. నూరుగురు పిల్లలలో సుమారు ఐదుగురికి ఏదో యొక కాలమున నత్తి కనబడుననియు, వారిలో అధికసంఖ్యాకులకు అది పోవుననియు, పెద్దవారిలో నూటికి ఒకరికి జీవితాంతము నిలిచియుండుననియు పరిశోధకుల యంచనా. అట్లు నిలిచినవారిలో స్త్రీలకంటె పురుషులు సుమారు నాలుగు రెట్లు.

ఈ సంచికను చదువువారికి ఈ విషయముతో ప్రత్యేకమైన సంబంధము కలదు. షోలాపురమున మగ్గమున్న యింట తెలుగు, వీధిలో మరాఠీ. బరంపురమున ఇంట తెలుగు, బడిలో ఒడియా. హోసూరున గడప దాటగనే తమిళ కన్నడములు రెండును ఎదురగును. యానాములో ఒక తరమువారు తెలుగుతోపాటు ఫ్రెంచి చదివిరి. ఇట్టి యిండ్లలో నాలుగేండ్ల బిడ్డకు నత్తి కనబడినచో, రెండు మూడు భాషలు నెత్తిన రుద్దుటచే నాలుక తికమకపడినదనియు, ఒక భాష మానిపింపుడనియు సలహా వచ్చుట కద్దు. మానిపింపబడు భాష ఏదియో వేరుగా చెప్పనక్కరలేదు. బడి భాషను మానుటకు వీలులేదు. ఉద్యోగపు భాషను మానుటకు వీలులేదు. కావున నిలిచిపోవునది అమ్మమ్మ మాటలాడు తెలుగే. ఈ సలహా ఎచ్చటనుండి వచ్చినది, ఇందు నిజమెంత అని తెలియవలెనన్నచో నత్తి చరిత్రమును మొదటినుండి చూడవలెను.

మన పూర్వులు మాటను ప్రాణముగా చూచినవారు. వేదము ఒకరి నోటినుండి మరొకరి చెవికి సాగవలసినది కావున, ఉచ్చారణకు ప్రత్యేకముగా ఒక శాస్త్రమే యేర్పడెను. పాణినీయ శిక్షలో ఒక చక్కని పోలిక కలదు. ఆడుపులి తన పిల్లలను కోరలతో పట్టుకొనిపోవునట్లు వర్ణములను పలుకవలెను. అవి జారిపడరాదు, గాయపడరాదు. ఇంత నియమము గల విద్యలో తడబడు నాలుకకు చోటు దొరకుట కష్టమే. శిక్షాగ్రంథములు గద్గదకంఠము గలవానిని పాఠమునకు తగినవానినిగా ఎంచలేదు. వైద్యులు మాత్రము దీనిని వేరుగా చూచిరి. సుశ్రుతసంహితలో వాతవ్యాధులను గూర్చి చెప్పునపుడు, కఫముతో కూడిన వాయువు శబ్దమును మోయు నాళములను కప్పుటచే మనుష్యునకు మూగతనము గాని, ముక్కుతో పలుకుట గాని, గద్గదత్వము గాని కలుగునని చెప్పబడినది. ఆ కారణమును నేడు మనము అంగీకరింపక పోవచ్చును. కాని ఆ వైద్యుడు మూడు లోపములను వేరుచేసి చూచెను. వానిని రోగి బుద్ధిహీనతకు గాక శరీరమునకే అంటగట్టెను. ఇదే గద్గదస్వరము భక్తుని కంఠమున వినబడినచో మన యాలంకారికులు సాత్త్వికభావమని మెచ్చుకొనిరి. ధ్వని ఒక్కటియే, వినువారి భావమే వేరు.

పాశ్చాత్యదేశములలో నత్తి యనగనే మొదట తలచుకొనబడువాడు గ్రీకు వక్త డెమోస్థెనీసు (క్రీ.పూ. 384–322). ఇతడు నోట గులకరాళ్లు పెట్టుకొని పలుకుట అభ్యసించెననియు, గుట్ట లెక్కుచు ఊపిరి బిగబట్టి వాక్యములు వల్లించెననియు, నేలమాళిగలో నెలల తరబడి సాధన చేయుచు బయటికి పోవు కోరిక పుట్టకుండుటకై తల ఒక ప్రక్క గొరిగించుకొనెననియు ప్లూటార్కు వ్రాసెను. ప్లూటార్కు డెమోస్థెనీసునకు నాలుగువందల యేండ్లకు పైబడిన పిదప వ్రాసినవాడు. కథలో ఎంత నిజమున్నను, ఇది రెండువేల యేండ్లుగా నత్తి గల ప్రతి పిల్లవానికిని చెప్పబడినది. దీని నీతి యేమనగా, పట్టుదల యున్నచో నత్తి పోవును. ఈ నీతి యొక్క వెనుకవైపును ఎవరును చదువలేదు. నత్తి పోనిచో, పట్టుదల లేనట్లే గదా! గులకరాళ్లతో నోరు నొప్పిచేసికొని, నత్తి పోక, తానే పనికిరానివాడనని తలంచిన పిల్లలు ఎందరో చరిత్రకు తెలియదు.

రోము చక్రవర్తి క్లాడియసు (క్రీ.పూ. 10 – క్రీ.శ. 54) కథ ఇంతకంటె ఉపయోగకరమైనది. కాళ్లు తడబడునట్లే మాటయు తడబడు ఈ రాజకుమారుని కుటుంబమువారు సభలలో కనబడనీయక దాచిరి. ప్రకృతి మొదలుపెట్టి ముగింపక విడిచిన ప్రాణియని కన్నతల్లియే అనెనట. అతని నాయనమ్మ భర్త, తొలి చక్రవర్తి యగు అగస్టసు లేఖలను సుయటోనియసు తన గ్రంథమున పొందుపరచెను. వానిలో నొకదానియందు అగస్టసు ఆశ్చర్యపడెను: సంభాషణలో ఇంత అస్పష్టముగా పలుకు కుఱ్ఱవాడు, ఉపన్యాసము నభ్యసించునపుడు అంత స్పష్టముగా ఎట్లు పలుకగలిగెను? నత్తిని గూర్చిన ముఖ్యమైన సత్య మొకటి ఈ లేఖలో నున్నది. నత్తి ఎల్లవేళల ఒక్క తీరుగ నుండదు. పాడునపుడు, నలుగురితో కలిసి వల్లించునపుడు, ఒంటరిగా నున్నపుడు పెక్కుమందికి అది దాదాపు మాయమగును. మనలో భజనలో గొంతెత్తి పాడి, మరునిమిషమున తన పేరు చెప్పలేనివారు కలరు. నాలుకయే చెడినచో పాటలోను చెడవలెను గదా. క్లాడియసు క్రీ.శ. 41లో చక్రవర్తి యయ్యెను, పదుమూడేండ్లు పాలించెను, బ్రిటనును జయించెను, చరిత్రగ్రంథములు రచించెను. తన రచనలను సభలో తాను చదువక, చదువరి నొకని నియమించి చదివించెను. చేయవలసిన పనికి మార్గము వెదకుకొనెనే గాని పనిని మానలేదు.

మధ్యయుగమున సెయింట్ గాల్ మఠములో నోట్కరు అను సన్యాసి యుండెను. క్రీ.శ. 912లో గతించెను. అతనికి బాల్బులుసు అను బిరుదు. ఆ మాటకు నత్తివాడని యర్థము. తానును దానిని దాచక తన్ను నత్తివానిగా చెప్పుకొనెను. దీర్ఘమైన రాగాలాపములను జ్ఞాపకముంచుకొనుట చిన్ననాట తనకు కష్టమయ్యెననియు, అందుచే ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క అక్షరమును కూర్చు గీతములను వ్రాసితిననియు తన గీతసంపుటి పీఠికలో చెప్పెను. ఆ గీతములు ఐరోపా దేవాలయములలో శతాబ్దములు పాడబడెను.

పందొమ్మిదవ శతాబ్దమున శాస్త్రము వచ్చెను; దానితో కత్తియు వచ్చెను. ఫ్రాన్సులో ఇటార్డు అను వైద్యుడు 1817లో నాలుక క్రింద నుంచుకొనుటకు ఒక చిన్న లోహపు పంగను సిఫారసు చేసెను. 1841లో బెర్లిను నగరపు ప్రఖ్యాత శస్త్రవైద్యుడు డీఫెన్‌బాఖు నాలుక మూలమున ఒక ముక్కను కోసి తీసివేసినచో నత్తి పోవునని ప్రకటించి, పిల్లలపై సహితము ఆ శస్త్రచికిత్స చేసెను. మత్తుమందు ఇంకను వాడుకలోనికి రాని దినము లవి. ఫ్రాన్సు, ఇంగ్లండు వైద్యులును అదే త్రోవ పట్టిరి. కొందరు రోగులు మరణించిరి. నత్తి మిగిలినవారికి నత్తి మిగిలెను. అచిరకాలములోనే ఆ పద్ధతి విడువబడెను. మాటలో దోషమున్నచో అది నాలుకలోనే యుండవలెనను నమ్మకము ఎంతదూరము పోగలదో ఈ ఘట్టము చూపుచున్నది.

ఇరువదవ శతాబ్దమున నత్తి కథ ఒక రాజు పేరుతో ముడిపడినది. ఆరవ జార్జి (1895–1952) యువరాజకుమారుడుగా 1925 అక్టోబరు 31న వెంబ్లీ ప్రదర్శన ముగింపుసభలో చేసిన ప్రసంగము అతనికిని, వినినవారికిని బాధాకరమయ్యెను. మరుసటి యేట లయనెల్ లోగ్ అను ఆస్ట్రేలియా దేశీయుని కడ శిక్షణ మొదలుపెట్టెను. లోగునకు వైద్యపట్టము లేదు. ఊపిరిని నిలుపుట నేర్పెను. వాక్యమును ఎచ్చట విరువవలెనో ఆలోచించి ప్రసంగపాఠమును దిద్దెను. అన్నిటికంటె ముఖ్యముగా, ప్రక్కన నిలిచెను. 1939 సెప్టెంబరు 3న యుద్ధప్రకటనానంతరము రాజు చేసిన ఆకాశవాణి ప్రసంగమును ప్రపంచము వినెను. నత్తి పోలేదు. రాజు నెమ్మదిగా, ఆగి ఆగి మాటలాడెను. జనులు విన్నది అతని విరామములను గాదు, విషయమును.

ఇక మన ప్రశ్నకు వత్తము. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయము ఆ కాలమున నత్తి పరిశోధనకు కేంద్రముగ నుండెను. అచ్చటి ఆచార్యుడు లీ ట్రావిసు, అతని సహచరులు 1937లో ఈస్టు షికాగో పాఠశాలలలోని సుమారు 4,800 మంది పిల్లలను పరిశీలించి, రెండు భాషలు మాటలాడు పిల్లలలో నత్తి కొంత ఎక్కువగ నున్నదని ప్రకటించిరి. ఆ పిల్లలు చాలవరకు వలసవచ్చిన కార్మికుల బిడ్డలు. భేదము స్వల్పము. ఇంటి పేదరికము, క్రొత్త దేశపు కలవరము అను కారణములను భాషనుండి విడదీసి చూచుట సులభము గాదు. అయినను రెండు భాషలు హానికరమను అభిప్రాయమునకు ఈ యధ్యయనము ఆధారముగా చూపబడుచు వచ్చెను. సముద్రములు దాటి మన యిండ్లవరకు వచ్చిన సలహాకు మూలములలో నిది యొకటి.

అదే అయోవాలో వెండెల్ జాన్సను (1906–1965) అను పరిశోధకుడు, తానును నత్తివాడు, మరియొక సిద్ధాంతము చేసెను. పసిపిల్లల సహజమైన తడబాటును పెద్దలు నత్తి యని పేరుపెట్టి సవరింపబూనుటచేతనే అది నత్తిగా మారునని అతని వాదము. దీనిని పరీక్షించుటకై 1939లో అతని పర్యవేక్షణమున ఒక విద్యార్థిని డావెన్‌పోర్టు అనాథాశ్రమములోని 22 మంది పిల్లలపై ప్రయోగము చేసెను. చక్కగా మాటలాడు కొందరు పిల్లలకు మీ మాటలో దోషమున్నది, జాగ్రత్తగా పలుకుడని పలుమారు చెప్పిరి. ఆ పిల్లలు నత్తివారు కాలేదు గాని, మాటలు తగ్గించిరి, నలుగురిలో నోరు విప్పుటకు జంకిరి. 2001లో ఈ సంగతి పత్రికలకెక్కెను. విశ్వవిద్యాలయము క్షమాపణ చెప్పెను. 2007లో రాష్ట్రప్రభుత్వము బ్రతికియున్నవారికి నష్టపరిహారమిచ్చుటకు అంగీకరించెను. జాన్సను సిద్ధాంతము నిలువలేదు. కాని ఆ క్రూరమైన ప్రయోగము ఒక సత్యమును మాత్రము చూపినది: పెద్దల దిద్దుబాటుచే నత్తి పుట్టకపోయినను, మౌనము పుట్టును.

నత్తితో బ్రదుకు విధమును నేర్పినవారిలో చార్లెసు వాన్ రైపరు (1905–1994) ముఖ్యుడు. యౌవనమున నత్తికి సిగ్గుపడి కొంతకాలము చెవిటి మూగవానివలె నటించి ఒక పొలములో కూలిపని చేసెను. తరువాత ఒక వృద్ధుడు ఏ పెనుగులాటయు లేక, తాపీగా నత్తి పలుకుట చూచి అతనికి క్రొత్త యాలోచన కలిగెను. బాధించునది నత్తి కాదు, నత్తిని దాచుటకై చేయు పెనుగులాట. తేలికగా నత్తి పలుకుట నేర్చుకొనవచ్చును. ఈ యాలోచనపై అతడు కట్టిన చికిత్సామార్గము నేటికిని నిలిచియున్నది.

మన దక్షిణదేశముననే దీనికి గొప్ప ఉదాహరణము కలదు. 1957లో కేరళ రాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి యైన ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాదు (1909–1998) జీవితాంతము నత్తివాడే. శాసనసభలో, బహిరంగసభలలో, పత్రికావిలేకరుల యెదుట నత్తితోనే మాటలాడెను. మీకు ఎల్లప్పుడును నత్తియేనా యని యొకరు అడుగగా, లేదు, మాటలాడునపుడు మాత్రమే యని బదులిచ్చెనని చెప్పుకొందురు. ఆ బదులులో సిగ్గులేదు, కోపము లేదు. ఆయన రాజకీయములతో ఏకీభవింపనివారును ఆయన మాట ముగియువరకు వేచియుండిరి.

ఇట్టివారు కొందరే. తక్కినవారి నిత్యజీవితము వేరు. నత్తి గలవాడు రోజంతయు పదములను ఏరుకొనుచుండును. నీళ్లు అను మాట అడ్డుపడునని తోచినచో దాహమగుచున్నదనును. రెండు భాషలు తెలిసినవాడు తెలుగు మాట రానిచో కన్నడపు మాటనో తమిళపు మాటనో అందుకొనును. వినువారు ఇతనికి తెలుగు సరిగా రాదని తలంతురు. కాని మార్చుటకు వీలులేని మాటలు కొన్ని కలవు: తన పేరు, తన యూరి పేరు. బడిలో హాజరు పిలుచునపుడు, ఉద్యోగపరీక్షలో పేరడిగినపుడు, టెలిఫోనులో అవతలివారు ఎవరని ప్రశ్నించినపుడు దారులన్నియు మూసికొనును. తెలిసిన సమాధానమును తెలియదని చెప్పి కూర్చుండిన విద్యార్థులు, కావలసిన యూరికి గాక పలుకుటకు వీలైన యూరికి టిక్కెట్టు తీసికొన్నవారు కలరు. నత్తి చేయు హాని మాట తడబడుటలో కంటె, ఇట్లు పలుకక విడిచిన మాటలలోనే యెక్కువ.

నేటి శాస్త్రము నాలుకను దాటి చూచుచున్నది. నత్తి కొన్ని కుటుంబములలో పరంపరగా వచ్చుట చిరకాలమునుండి తెలిసినదే. 2010లో పరిశోధకులు పాకిస్థాను దేశపు కుటుంబములను పరిశీలించి దీనితో సంబంధముగల మూడు జన్యువులను గుర్తించిరి. మాటను నడుపు మెదడు భాగముల నడుమ గల మార్గములలో సూక్ష్మమైన భేదములు కనబడినవి. తల్లి పెంపకమో, భయమో, బుద్ధిలోపమో దీనికి కారణము కాదు. రెండు భాషలు నేర్చుటచే నత్తి పుట్టునని ఋజువు కాలేదు. ఇంటి భాషను మానిపించినచో నత్తి పోవుననుటకును ఆధారము లేదు. ఒక్క భాషయే మాటలాడు ఇండ్లలోను నత్తి కలదు. పైగా, ఆస్ట్రేలియాలో రూపొందిన లిడ్‌కోంబు పద్ధతివంటి శిశుచికిత్సలలో బిడ్డతో ప్రతిదినము మాటలాడి సాధన చేయించువారు తల్లిదండ్రులే. తల్లికి సహజముగా వచ్చు భాష తెలుగైనచో, ఆ భాషను తీసివేయుట చికిత్సకే అడ్డుపడుట యగును.

మన దేశమున ఈ విద్యకు ప్రధానస్థానము మైసూరు. భారతప్రభుత్వము 1965లో అచ్చట అఖిలభారత వాక్ శ్రవణ సంస్థను స్థాపించెను. 1966లో దానికి శంకుస్థాపన చేసినవారు అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. తిరుత్తణిలో పుట్టిన తెలుగువారు, పూర్వము మైసూరులోనే ఆచార్యపదవి నిర్వహించినవారు, అనర్గళవక్తలలో నొకరు తడబడు మాటకు అండగా నిలుచు సంస్థకు పునాదిరాయి వేయుట రాష్ట్రేతరాంధ్రులమైన మనము స్మరింపదగినది. 2008లో నత్తిగలవారే కూడి ది ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించుకొనిరి. నత్తిని దాచక చెప్పుకొనుట, ఒకరి మాట నొకరు తొందర లేక వినుట దాని మార్గము. 1998 నుండి అక్టోబరు 22వ తేదీ ప్రపంచమంతట నత్తి అవగాహన దినముగా జరుపబడుచున్నది.

కావున ఇంట చిన్నబిడ్డకు నత్తి కనబడినచో చేయవలసినది స్పష్టము. కొన్ని నెలలు గడచినను తగ్గక, బిడ్డ మాటకై పెనుగులాడుచున్నచో వాక్ చికిత్సకుని కడకు తీసికొనిపోవలెను. నాలుకకు గులకరాయి వలదు, గద్దింపు వలదు. ఇంట తెలుగు మానవలదు. అమ్మమ్మ కథ చెప్పవలెను, బిడ్డ తన తడబాటుతోనే ఊకొట్టవలెను. మన సంఘములు ఉగాదికి సభలు చేయుచున్నవి. పిల్లలచే పద్యములు చదివించుచున్నవి. ఆ వేదికపై ఒక బిడ్డ మొదటి యక్షరముకడ ఆగిపోయినచో, ముందు వరుసలోనివారు ఆ మాటను అందింపక, జాలిపడి చప్పట్లు కొట్టక, తక్కిన పిల్లలకొరకు వేచియున్నట్లే వేచియుండవలెను. ఆ బిడ్డ పద్యము ముగించును. మరుసటి యేట మరల తానే వచ్చి పేరు వ్రాయించుకొనును.